జుంకాల జత నూట యాభయ్యేనా?

మొన్న క్యాంటీన్ లో మా టీమ్ లో కొత్తగా చేరిన అమ్మాయి నా పక్కన కూర్చుని, "అక్కా, నేను కూడా హ్యాండ్‌మేడ్ జ్యూయలరీ మొదలుపెడదామనుకుంటున్నా. జుంకాలకి నాకయ్యే ఖర్చు అరవై. జత నూట యాభై పెడితే చాలుగా?" అంది. చాలదమ్మా అన్నాను. ఎందుకో చెప్పేలోగా మీటింగ్ కి టైమైపోయింది. ఆ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే సరిగ్గా ఇదే తప్పు నేనూ చేశాను.

నేను మొదలుపెట్టింది 2020 లో, ఇంటినుంచి పని చేస్తున్న రోజుల్లో. రోజంతా స్క్రీన్ చూసి చూసి, చేత్తో ఏదైనా చెయ్యాలనిపించి సిల్క్ థ్రెడ్ జుంకాలు పట్టుకున్నా. (సిల్క్ అంటారు గానీ మనకి దొరికేది చాలావరకు రేయాన్ దారమే, పట్టుపురుగుకి పాపం ఏ సంబంధమూ లేదు.) బజార్లు తెరిచాక బేగంబజార్ వెళ్ళి దారం రీళ్ళు, ప్లాస్టిక్ బేసులు, కుందన్ రాళ్ళు, పూసలు తెచ్చుకున్నా. చూడ్డానికి భలే తేలిక. పోగులన్నీ కలిపి సూదికెక్కించి, బేసు పైనున్న రంధ్రంలోంచి తీస్తూ చుట్టూ తిప్పుకుంటూ పోవడమే. ఒక్క పోగు మెలిపడిందా, వెలుగులో ఇట్టే తెలిసిపోతుంది, మొత్తం విప్పాల్సిందే. మొదటి నెల్లో చుట్టినదానికంటే విప్పిందే ఎక్కువ :)

స్నేహితులు కొన్నారు, వాళ్ళ స్నేహితులు అడిగారు. జత 150. నాకు మహా ఆనందం!

తర్వాత ఒక దీపావళికి మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్ లో స్టాళ్ళు పెట్టారు. నా పక్క స్టాల్ ఒక పెద్దావిడది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రెండు సంచులు మోసుకుని బస్సులో వచ్చారు. ఆవిడవీ సిల్క్ థ్రెడ్ జుంకాలే, నావాటికంటే పని నీటు. రేటు 300. మా అపార్ట్‌మెంట్ వాళ్ళంతా ముందు ఆవిడ దగ్గర చూడ్డం, ఇటు తిరిగి నా రేటు వినడం, నా దగ్గర కొనడం. సాయంత్రం ఏడయ్యేసరికి నా డబ్బా ఖాళీ. ఆవిడవి ఐదో ఆరో పోయినట్టున్నాయి.

సర్దుకుంటుంటే అడిగారు, "నూట యాభైకి నీకెలా గిట్టుబాటవుతోందమ్మా?" అని. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. నేనేమో గొప్పగా, "నాకు జాబ్ ఉందాంటీ, ఇది హాబీ" అన్నా.

"మాకు ఇదే జాబమ్మా" అని సంచి జిప్పు వేసుకున్నారు.

ఆ రాత్రి ఎక్సెల్ తెరిచి కూర్చున్నా. సరుకు 62, డబ్బా, కవరు 18, మొత్తం 80. అమ్మింది 150 కి. మిగిలింది 70. చెయ్యడానికి గంటన్నర. ఫోటోలు తీయడం, "ఈ రంగులో ఉందా, ఆ రంగులో ఉందా" అన్న వాట్సాప్ ప్రశ్నలకి జవాబులు, ప్యాకింగ్ కలిపి ఇంకో అరగంట. అంటే గంటకి 35 రూపాయలు! ఆఫీసులో టైమ్‌షీట్ పావుగంటలతో సహా నింపే నేను, ఇంట్లో నా గంటకి విలువే కట్టలేదు. పైగా దానికి 'లాభం' అని పేరు పెట్టుకున్నా.

గంటకి 35 నేను తట్టుకోగలను, ఒకటో తారీఖు జీతం పడుతుంది కాబట్టి. అంటే ఆ జుంకాలకి సబ్సిడీ ఇస్తున్నది మా కంపెనీ. దెబ్బ తగిలింది దిల్‌సుఖ్‌నగర్ ఆవిడకి. పెద్ద కంపెనీలు నష్టానికి అమ్మి వీధి చివర కిరాణా కొట్లని మూయిస్తున్నాయని లంచ్ టేబుల్ దగ్గర మనమే తెగ ఆవేశపడతాం కదా. సూదీ దారంతో నేను చేసింది అదే పని.

ఈ మాటంటే మా ఆయన ఒప్పుకోలేదు. "మార్కెట్ అన్నాక ఎవరి రేటు వాళ్ళిష్టం, నువ్వు మానేస్తే ఇంకొకళ్ళు 140 కి అమ్ముతారు" అన్నాడు. నిజమే, అమ్ముతారు. కానీ వాళ్ళు 140 కి అమ్మితే ఆ డబ్బుతో బతకాలి కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతారు. నాకు ఆగాల్సిన అవసరమే లేదు, తేడా అదే.

గంటకి 120 చొప్పున రెండు గంటలకి 240, ఖర్చు 80, పాడైపోయేవాటికి 30, మొత్తం 350 చేశా. ఆవిడ చెయ్యి నాకంటే చురుకు కాబట్టి 300 కి గిట్టుతుంది. ఫలితం? కొనేవాళ్ళు సగానికి సగం పడిపోయారు. మా పిన్ని అయితే "అప్పుడే కొమ్ములొచ్చాయే నీకు" అంది. కానీ నెలకి పది పన్నెండు జతలు నిలకడగా పోతున్నాయి, రాత్రి పదకొండుకి నిద్రపోతున్నాను.

ఇంకో విషయం. ఉద్యోగంలో ఉండి ఇది చేసేవాళ్ళు ముందు ఆఫర్ లెటర్ తీసి చదవండి. 2022 సెప్టెంబరులో విప్రో, పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినప్పుడు మా ఫ్లోర్ అంతా అదే గోల. అదే ఏడాది అక్టోబరులో ఇన్ఫోసిస్ ముందుగా అనుమతి తీసుకుంటే బయటి పనులు చేసుకోవచ్చంది. జుంకాలు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ పోటీ కాదు, అయినా మా కంపెనీ లెటర్లో "ఇతర వ్యాపారం ఏదైనా" అని ఉంది. భయపడుతూనే హెచ్ఆర్ కి మెయిల్ పెట్టా. ఆరు వారాలు జవాబు లేదు, ఆ ఆరు వారాలూ ఒక్క ఆర్డరూ తీసుకోలేదు. చివరికి ఆఫీసు సమయం, ఆఫీసు లాప్‌టాప్ వాడకూడదు, ఆఫీసులో అమ్మకూడదు అని షరతులతో రాసిచ్చారు. ఆ కాగితం నాకు డబ్బుకంటే ఎక్కువ.

అన్నట్టు, వ్యాపార ఆదాయం వెయ్యి రూపాయలున్నా రిటర్న్ కి ఐటీఆర్-1 పనికిరాదు. ఫారం-16 పట్టుకుని పది నిమిషాల్లో ముగించే రోజులు పోయినట్టే, ఒకసారి సీఏని కలవండి.

"ఎప్పుడు మానేస్తున్నావ్ ఉద్యోగం?" అని అడుగుతూనే ఉంటారు. మానను. నెలకి పన్నెండు జతలతో ఇంటి ఈఎంఐ తీరదు, తీరేలా చెయ్యాలంటే రోజుకి పది గంటలు చుట్టాలి, అప్పుడది నాకు ఇష్టమైన పనిగా మిగలదు.

పెళ్ళిళ్ళకి, పేరంటాలకి ఇరవై ముప్ఫై జతలు కావాలని ఎవరడిగినా ఇప్పుడు ఆ దిల్‌సుఖ్‌నగర్ ఆవిడ నంబరే ఇస్తున్నా. మీకూ కావాలంటే అడగండి, ఇస్తాను. బేరం మాత్రం ఆడకండి ప్లీజ్, ఆవిడ దగ్గర నా పరువు ఇప్పటికే అంతంతమాత్రం :)