‘డిలీట్ చెయ్’ అనే అధికారం ఎక్కడుంది?

వీధి ఫొటోగ్రాఫర్ నుంచి కెమెరా లాక్కుని ఫొటోలు చెరిపించారన్న వార్త వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: అతనికి అనుమతి ఉందా? ఆ ప్రశ్నే తప్పు. రోడ్డు మీద నిలబడి కంటికి కనిపించేదాన్ని ఫొటో తీయడానికి ముందస్తు అనుమతి కావాలని మన సాధారణ చట్టమేదీ చెప్పదు. తమకు ఆ అధికారం ఎక్కడిదో అడ్డుకునేవారే చూపాలి.

ఫొటో పోలీసు స్టేషన్‌దైతే 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని బయటికి తీస్తారు. గూఢచర్యాన్ని అడ్డుకోవడానికి బ్రిటిష్ పాలకులు తెచ్చిన చట్టమది. ‘నిషిద్ధ ప్రదేశాలు’ ఏవో దాని 2(8) సెక్షన్ ఏకరువు పెడుతుంది: రక్షణ స్థావరాలు, ఆయుధాగారాలు, యుద్ధనౌకలు, కేంద్రం నోటిఫై చేసిన చోట్లు. పోలీసు స్టేషన్ అందులో లేదు. వార్ధాలో ఠాణా లోపల వీడియో తీశారని ఈ చట్టం కింద పెట్టిన కేసును బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022 జూలైలో ఈ కారణంతోనే కొట్టేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి తీరాలని లేదు, నిజమే. కానీ కేంద్ర చట్టానికి అంత సూటిగా చెప్పిన అర్థాన్ని కాదనడానికి కారణమేదీ నాకు కనిపించడం లేదు. పైగా ప్రతి ఠాణాలో, లాకప్‌తో సహా, సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టే ఆదేశించింది. లోపల కెమెరా తప్పనిసరైన చోటు, బయట రోడ్డు మీది కెమెరాకు రహస్యమెలా అవుతుంది?

ఇక లాక్కోవడం సంగతి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 106వ సెక్షన్ ప్రకారం దొంగ సొత్తునో, నేరం జరిగిందన్న అనుమానం కలిగించే పరిస్థితుల్లో దొరికిన వస్తువునో మాత్రమే స్వాధీనం చేసుకోవాలి. ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలి. 105వ సెక్షన్ మరో అడుగు ముందుకేసి, స్వాధీన ప్రక్రియ మొత్తాన్నీ ఆడియో, వీడియోగా రికార్డు చేయాలంటుంది. అంటే కెమెరా తీసుకునే ఎస్‌ఐ, తీసుకోవడాన్ని కూడా చిత్రీకరించాల్సిందే. చెరిపించే అధికారం ఈ రెంటిలోనూ లేదు. ఫొటో తీయడం నేరమైతే ఆ ఫొటో సాక్ష్యం, దాన్ని భద్రపరచాలి. నేరం కాకపోతే ముట్టుకునే హక్కే లేదు. అక్రమంగా లాఠీ ఝళిపించిన దృశ్యాన్ని, కొట్టినవారిని కాపాడే ఉద్దేశంతో చెరిపిస్తే అది సాక్ష్యాన్ని మాయం చేయడమే, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 238వ సెక్షన్ కిందికి వస్తుందని నా వాదన.

మహిళల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రీకరించేవారికి అదే న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది, అది ఉండాలి కూడా. విధులకు ఆటంకం కలిగించారంటూ పెట్టే 221, పోలీసు మీద చెయ్యి చేసుకున్నారంటూ పెట్టే 132 సెక్షన్ల సంగతి వేరు. దారికి అడ్డురాకుండా పది అడుగుల దూరంలో నిలబడి ఫొటో తీసేవాడు ఎవరినీ కొట్టలేదు, ఏ పనినీ ఆపలేదు. అలాంటి కేసు నమోదు చేసేముందు ఆగిన పని ఏదో, ఎలా ఆగిందో ఎఫ్‌ఐఆర్‌లో రాసి తీరాలని ఇద్దరు డీజీపీలూ ఉత్తర్వులివ్వాలి. అది రాయలేకపోతే కేసే లేదు.