ఇంటి డ్యూటీకి రెస్ట్ గివర్ ఏరీ?

రైల్వేలో గేట్‌మ్యానైనా స్టేషన్ మాస్టరైనా వారానికోసారి రెస్టు ఇచ్చి తీరాలి. 2005 నాటి పనిగంటల నియమాల ప్రకారం ‘కంటిన్యువస్’ తరగతి వారికి వారంలో వరసగా 30 గంటలు, ‘ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్’ తరగతి వారికి ఒక పూర్తి రాత్రి కలుపుకొని 24 గంటలు దక్కాలి. అది కాగితం మీదే మిగిలిపోకుండా, రెస్టులో ఉన్నవారి బదులు డ్యూటీ చేసేందుకు రెస్ట్ గివర్ అనే పోస్టే పెట్టారు. నిద్రలేని మనిషి చేతిలో గేటు ఉంటే ఏమవుతుందో రైల్వేకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఖరగ్‌పూర్ పూరీ గేట్ చుట్టుపక్కల ఇళ్లల్లో, పక్షవాతంతో మంచంపట్టిన రిటైర్డ్ మామగారికో మతి తప్పిన అత్తగారికో ఏళ్ల తరబడి రాత్రీపగలూ చేస్తున్న కోడలికి మాత్రం ఆ రెస్టు లేదు. ఆమె బదులు ఒక్క పూట కూర్చునే మనిషి లేదు. ఆ మనిషిని ఏర్పాటు చేయాల్సింది రైల్వేయే.

ప్రభుత్వానికి సవాలక్ష పనులుంటే రైల్వే మీదే ఎందుకు పడతారని అడగొచ్చు. ఈ తెలుగు కుటుంబాలు ఇక్కడికి ఊరికే రాలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాప్ పనికి, లైను పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి పాతుకుపోయినవారి పిల్లలు, మనవలు వీళ్లు. అక్కడే ఉండి ఉంటే కష్టకాలంలో ఆడపడుచో తోడికోడలో నాలుగు రోజులు వచ్చి కూర్చునేది. ఇక్కడ ఆ చుట్టరికం పలాస, ఇచ్ఛాపురం అవతల ఉండిపోయింది. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి కాలనీలోని ఇరుగుపొరుగు సాయమూ చెదిరిపోతుంది.

అన్నిటికన్నా విడ్డూరం పాసుల సంగతి. ఉద్యోగికి రైలు ప్రయాణ పాసులున్నాయి, రిటైరైనవారికీ ఉన్నాయి. పూరీలో హాలిడే హోం ఉంది. నిర్ణీత వయసు దాటిన పెన్షనరు పాసు మీద తోడుగా ఒక మనిషిని వెంట తీసుకెళ్లే వెసులుబాటూ ఉంది. అంటే, వయసు మళ్లినవారికి తోడు కావాలని రైల్వే ఒప్పుకుంటుంది, బండిలో ఉన్నంతసేపే. బండి దిగి ఇంటికొచ్చాక ఆ తోడు ఎవరన్నది పట్టదు. ఊళ్లో మేనకోడలి పెళ్లికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లలేక, పాసు వాడకుండానే ఏడాది దాటించే ఇళ్లను పూరీ గేట్ వైపు వెతకనక్కర్లేదు, ఏ వీధిలో అడిగినా చెబుతారు.

ఆయా సెంటర్లు లేవా అంటే ఉన్నాయి. పన్నెండు గంటల షిఫ్టుకు ఆయా దొరుకుతుంది. పగటికీ రాత్రికీ చెరొకరిని పెట్టుకుంటే గుమాస్తా పెన్షన్‌లో మందులకు మిగిలేదెంత? పైగా మతిమరుపు ముదిరినవారిలో కొందరికి ముందుగా జారిపోయేది తర్వాత నేర్చుకున్న భాషే. నలభై ఏళ్లు బజారులో హిందీ, బెంగాలీ అలవోకగా మాట్లాడిన ముసలమ్మ ఇప్పుడు ‘దాహమేస్తంది’ అని తెలుగులోనే అంటుంది. ఎదురుగా ఉన్న ఆయాకు అర్థం కాదు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు మనం సంబరపడ్డాం. ఆ హోదా బోర్డులతో ఆగిపోకుండా మంచం పక్కకూ రావాలి.

చట్టాల్లో దారి లేకపోలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తాత్కాలిక ఆశ్రయానికి ‘సమర్థ్’ పథకం పెట్టారు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాల వరకే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావించింది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచంపట్టినవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన పేదలకు నెలకు 15,000 పెన్షన్ ఇస్తోంది. మెచ్చుకోవాల్సిందే, కానీ డబ్బు నిద్రపోనివ్వదు, బదులు మనిషి నిద్రపోనిస్తాడు. జర్మనీలో 1995 నుంచి నడుస్తున్న సంరక్షణ బీమా, ఇంట్లో చూసుకునేవారు సెలవు తీసుకుంటే బదులు మనిషి ఖర్చును ఏటా కొన్ని వారాలపాటు భరిస్తుంది.

మా డిమాండు పెద్దదేమీ కాదు. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో గానీ, బాగుచేసిన ఖాళీ క్వార్టర్లలో గానీ పెన్షనర్ల కోసం పది పడకలు పెట్టండి. ఏడాదికి రెండు వారాలు, ముందే బుక్ చేసుకునేలా, తిరిగి తీసుకెళ్లే తేదీ రాయించుకుని చేర్చుకోండి. సగం మంది సిబ్బందైనా తెలుగు వచ్చినవారు కావాలి. మంచం కదలలేనివారి ఇంటికి వారానికి ఒక పూట మనిషిని పంపండి. మొదటి విడత ఖర్చుకు స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ చాలదంటే జోన్ బడ్జెట్‌లో చూపించండి. ఎనభై దాటిన పెన్షనరుకు 20 శాతం అదనపు పెన్షన్ ఇస్తున్న ప్రభుత్వానికి, వయసుతో పాటు అవసరం పెరుగుతుందన్న సంగతి తెలియనిది కాదు.

తెచ్చి వదిలేసి పోతారని అధికారులు అనొచ్చు. వదిలేసేవాళ్లు ఇన్నేళ్లు ఎందుకు చేస్తారు? అసలు అడ్డంకి ఇంటి నుంచే రావచ్చు. ‘అత్తగారిని ఆసుపత్రిలో పడేసి పూరీ వెళ్లిందట’ అని నాలుగు నోళ్లు అంటాయి. ఆ మాట అనేవారిలో ఒక్కరైనా ఒక రాత్రి వచ్చి పక్క మార్చి వెళ్తారా? డ్యూటీ ఆఫ్ తీసుకున్న గేట్‌మ్యాన్‌ను గేటు వదిలేసి పోయాడని ఎవరూ అనరు.

యూనియన్లు జీతభత్యాలకు, బదిలీలకు గట్టిగానే పోరాడతాయి. ఈ పది పడకల సంగతిని, డివిజన్‌లో యూనియన్లతో అధికారులు జరపబోయే పీఎన్‌ఎం చర్చల సమావేశపు ఎజెండాలో చేర్చాలి, ఆ ఎజెండా రాసేముందు ఆ ఇళ్ల ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టి అడగాలి.