కారు ఎత్తు తగ్గిస్తే చక్రాల లెక్క మారుతుంది

నోయిడాలో ఒక టైర్ల దుకాణం దగ్గర ఈమధ్య ఒక దృశ్యం చూశాను. స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించిన ఒక చిన్న కారు ముందు చక్రాలు విప్పి నేలమీద పెట్టారు. బయటివైపు నుంచి చూస్తే టైర్లు బాగానే ఉన్నాయి. లోపలి అంచు తిప్పి చూస్తే రబ్బరు పూర్తిగా అరిగిపోయి ఉక్కు తీగలు కనిపిస్తున్నాయి. "అలైన్‌మెంట్ చేయించాను కదా!" అని యజమాని ఆశ్చర్యపోయాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. అయితే ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా రోడ్లపై నేలకు దగ్గరగా సాగే కార్లు తరచూ కనిపిస్తాయి. చూడటానికి అందంగా ఉంటుందని కొందరు, మలుపుల్లో కారు నిలకడగా ఉంటుందని మరికొందరు ఎత్తు తగ్గిస్తారు. స్ప్రింగు మార్చడం ఒక పూట పని. కానీ ఆ మార్పు స్ప్రింగుతోనే ఆగదు.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అమరిక. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే ఆర్మ్, తలుపు బందు మీద తిరిగినట్లు, ఒక చివర బిగించి ఉండి రెండో చివర వృత్తచాపంలో కదులుతుంది. కారు బాడీ 4 సెంటీమీటర్లు కిందికి దిగిందంటే, దానితో పోలిస్తే చక్రం అంత పైకి వెళ్లినట్టే. అప్పుడు ఆర్మ్ కోణం మారుతుంది. చక్రం పైభాగం సాధారణంగా లోపలికి వాలుతుంది. ఈ వాలునే క్యాంబర్ అంటారు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ పొడవు, బిగింపు స్థానం వేరు కాబట్టి అది వేరే చాపంలో కదులుతుంది. ఫలితంగా చక్రాలు నేరుగా ముందుకు చూడకుండా లోపలికో బయటికో తిరుగుతాయి. ఇది టో.

టైరును ఎక్కువగా తినేది ఈ టో. ఒక చిన్న లెక్క వేద్దాం. 15 అంగుళాల రిమ్ముల దగ్గర కొలిస్తే, రెండు చక్రాల మధ్య ముందువైపు దూరానికీ వెనకవైపు దూరానికీ 3 మిల్లీమీటర్ల తేడా ఉందనుకుందాం. అంటే ఒక్కో చక్రం డిగ్రీలో నాలుగో వంతు కూడా పక్కకు తిరగలేదు. అయినా కారు ఒక కిలోమీటరు వెళ్లేసరికి ఆ చక్రం స్థూలంగా 4 మీటర్ల మేర పక్కకు ఈడ్చుకుపోయినట్టే. 10,000 కిలోమీటర్లకు అది దాదాపు 40 కిలోమీటర్లు! లోపలికి వాలిన చక్రం బరువంతా లోపలి అంచు మీదే మోపుతుంది కాబట్టి ఆ అరుగుదల కూడా అక్కడే, మన కంటికి ఆననిచోట జరుగుతుంది.

మరి అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోదా? చేయించడం తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. చాలా కార్లలో ముందువైపు సులభంగా సరిదిద్దగలిగేది టో మాత్రమే. క్యాంబర్ మార్చాలంటే అందుకోసం ప్రత్యేకమైన బోల్టులు కావాలి. వెనకవైపు టోర్షన్ బీమ్ ఉన్న కార్లలో సాధారణంగా సర్దడానికి ఏమీ ఉండదు. పైగా యంత్రం తెరపై కనిపించే పచ్చరంగు, తయారీదారు నిర్ణయించిన ఎత్తుకు ఇచ్చిన కొలతలను బట్టి వస్తుంది. నిలబడి ఉన్న కారుకు టో సరిచేసినా, గుంతలో పడి లేచినప్పుడు చక్రం పాత చాపంలో కదలదు.

మలుపుల్లో నిలకడ కోసమే దించాం అనేవారు ఇంకో సంగతి గమనించాలి. ఈ అమరికలో ఎత్తు తగ్గినప్పుడు కారు గురుత్వ కేంద్రం కన్నా, బాడీ ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు ఎక్కువగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే ఒరగదీసే బలానికి మీటపట్టు పెరుగుతుంది. గట్టి స్ప్రింగులు దాన్ని కొంత కప్పిపుచ్చుతాయి, అంతే.

"కారు వాళ్లది, డబ్బు వాళ్లది, మనకెందుకు?" అనవచ్చు. ఆగ్రా వెళ్లే 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై వేసవి మధ్యాహ్నం, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో తీగలు తేలిన టైరు పేలితే, ప్రమాదం ఆ ఒక్క కారుకే పరిమితం కాదు. అరిగిన రబ్బరు కూడా ఎక్కడికీ పోదు. సూక్ష్మ రేణువులుగా రోడ్డు ధూళిలో కలిసి మళ్లీ గాలిలోకి లేస్తుంది. పొగ గొట్టం నుంచి వచ్చేదాన్నే కొలిచే మన కాలుష్య పరీక్షకు ఇది చిక్కదు. యూరప్ 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనల్లో టైరు అరుగుదలకూ పరిమితులు చేర్చింది.

చట్టం కూడా ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. నా అభిప్రాయంలో రోజూ తిరిగే కారు ఎత్తు తగ్గించకపోవడమే మేలు. 10 సెంటీమీటర్ల స్పీడ్ బ్రేకర్లున్న ఊళ్లో అది లాభసాటి బేరం కాదు.

ఇప్పటికే తగ్గించినవారికి నేను చెప్పేది ఇది. సస్పెన్షన్ బుష్షుల బోల్టులు చక్రాలు గాలిలో వేలాడుతుండగా కాక, కారు నేలమీద నిలిచిన ఎత్తులో బిగించారా అని అడగండి. టైర్లలో గాలి సమం చేశాకే అలైన్‌మెంట్ చేయించండి. కొత్త స్ప్రింగులు కొద్ది రోజుల్లో కొంత కుదురుకుంటాయి కాబట్టి మళ్లీ ఒకసారి కొలిపించండి. సర్దడానికి ముందు, తర్వాత ఉన్న అంకెలు కాగితం మీద తీసుకోండి. క్యాంబర్ సరికాకపోతే పాత స్ప్రింగులు తిరిగి వేయించడానికి మొహమాటపడకండి. దుకాణాలు కూడా "అయిపోయింది సార్" అనడం మాని, ఏది సరిచేయగలిగారో, ఏది చేయలేకపోయారో రాసివ్వాలి.

నెలకోసారి స్టీరింగ్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచును చేత్తో తడిమి చూడండి. నోయిడాలోని ఆ యజమాని ఆ పని చేసి ఉంటే, తీగలు బయటపడకముందే తెలుసుకునేవాడు.