మైలుకొక అడ్డరోడ్డు

అమెరికాలోని అయోవా రాష్ట్రాన్ని ఇంటర్‌స్టేట్ 80 మీద ఏకబిగిన దాటేసేవారే ఎక్కువ. ఈ నెల ముఖచిత్ర కథనం ఆ పెద్దరోడ్డు దిగి, డెమోయిన్ నుంచి కూన్ రాపిడ్స్ వైపు కంకరదారుల్లో సాగిన ఒక రోజు ప్రయాణం.

అక్కడ మైలు మైలుకూ అడ్డరోడ్డు తగులుతుంది. 1785 నాటి చట్టం ప్రకారం భూమిని చదరపు మైలు, అంటే 640 ఎకరాల గళ్లుగా కొలిచిన ఫలితమది. అయితే ఆ కొలతలు రాకముందే మెస్క్వాకీ, సాక్, అయోవే ప్రజలు అక్కడ బతికారు. వారిని ఒప్పందాల పేరుతో తరలించిన సంగతి చెప్పకుండా అక్కడి పచ్చదనాన్ని మెచ్చుకోలేను.

కూన్ రాపిడ్స్ దగ్గర రాస్వెల్ గార్స్ట్ పొలానికి 1959 సెప్టెంబరులో సోవియట్ అధినేత కృశ్చేవ్ వచ్చారు, హైబ్రిడ్ మొక్కజొన్న చూడటానికి! ప్రచ్ఛన్నయుద్ధం ముదిరిన రోజుల్లో ఒక రైతు విత్తనం గురించి మాట్లాడటానికి తలుపు తీయడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

కంటికి కనిపించనిది నేల కింద ఉంది. ఒకప్పటి చిత్తడి నేలల్లో నీరు తీయడానికి రైతులు మట్టిగొట్టాలు పాతారు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వేస్తున్నారు. పంట నిలిచింది వాటివల్లే. ఎరువుల్లోని నైట్రేటు వాగుల్లోకి, మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖకు చేరుతున్నదీ వాటి ద్వారానే. డెమోయిన్ నగరం తాగునీటి నుంచి దాన్ని తొలగించడానికి ప్రత్యేక యంత్రాగారమే నడుపుతోంది. కథనంలో ఈ భాగాన్ని తప్పక చదవండి.