సూరత్ చెప్పిన సాక్ష్యం

ప్రభుత్వ వ్యయమే సకల అనర్థాలకు మూలమనీ, రైళ్లు, తపాలా, వైద్యం, పారిశుధ్యం సమస్తమూ విపణికి వదలినచో ప్రజలు తమ మేలు తామే చూసుకొందురనీ స్వేచ్ఛావాద పండితులు వాదిస్తున్నారు. తెలుగువారికి ఈ వాదన కొత్తది కాదు. 1959లో రాజాజీతో కలిసి ఆచార్య రంగా స్వతంత్ర పార్టీని నెలకొల్పి పర్మిటు-లైసెన్సు రాజ్యంపై ధ్వజమెత్తినారు. 1967 శాసనసభ ఎన్నికలలో గుజరాత్‌లో ఆ పార్టీ 66 స్థానాలు గెలిచినది. లైసెన్సుల మాటున సాగిన అవినీతిని గూర్చి వారన్నది సత్యదూరం కాదని మేమూ ఒప్పుకొంటాము.

అదే గుజరాత్‌లోని సూరత్‌ను చూడండి. వజ్రాలు, జరీ, మరమగ్గాలు: ప్రైవేటు పెట్టుబడి ఇంతగా వర్ధిల్లిన నగరాలు దేశంలో అరుదు. తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలి సోదరులు ఎందరో ఆ మగ్గాలనే నమ్ముకొని ఉన్నారు. సంపద పెరిగినది గాని మురుగుకాలువలు పెరగలేదు. 1994లో వరదల అనంతరం, సెప్టెంబరులో, ప్లేగు విరుచుకుపడి యాభైమందికి పైగా మరణించినారు. లక్షలాది జనం ఊరు విడిచినారు. ప్రైవేటు వైద్యులలో అనేకులు తమ వైద్యశాలలకు తాళాలు బిగించి వెళ్లిపోయినారు. రోగులను చేర్చుకొన్నది ప్రభుత్వపు న్యూ సివిల్ ఆసుపత్రి. భయకంపితులైన జనంతో కిక్కిరిసిన రైళ్లను నడిపినది మన రైల్వే సోదరులు. లాభనష్టాల పట్టికలో ఆ సేవకు ఏ గడి కేటాయించినారో పండితులే చెప్పవలెను.

1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను చల్లని గదుల నుండి వీధులలోకి పంపినారు. పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలను సైతం కూల్పించినారు. కొన్ని పారిశుధ్యపు పనులను కాంట్రాక్టుకు ఇచ్చినారు. అది మాకు రుచించని విషయమే, అయినా దాచము. అచిరకాలంలోనే దేశంలోని పరిశుభ్ర నగరాలలో ఒకటిగా సూరత్ పేరుగాంచినది. ప్లేగునాటి మునిసిపాలిటీయే, అత్యధికంగా ఆనాటి సిబ్బందియే ఈ పని చేసినారు.

దుబారాను అరికట్టమనండి, మేమూ గొంతు కలుపుతాము. కాని ఈ పండితులకు దుబారా అనగానే కనిపించేది ఉద్యోగి పింఛను. 2004 జనవరి 1 నుండి కొత్తగా చేరినవారికి పాత పింఛను లేకుండా చేసినారు. 2025 ఏప్రిల్‌లో అమలుకు వచ్చిన ఏకీకృత పథకంలోనూ ఉద్యోగి తన మూలవేతనం, కరువుభత్యాలపై నూటికి పది చెల్లించవలసినదే. ఇక ఖాళీల రద్దు వేరొక ఎత్తు. ఏ పోస్టునైనా రద్దుచేయుటకు ముందు, ఆ పని రేపటి నుండి ఎవరు చేయుదురో, సూరత్ వంటి ఆపద వచ్చిననాడు ఎవరు నిలబడుదురో ప్రభుత్వం వ్రాతపూర్వకంగా తెలుపవలెనని మేము కోరుతున్నాము.