పటంలో పిన్ను పడని వాడ

వరదలు, తుపానుల వేళ ప్రజల నుంచే సమాచారం సేకరించే యాప్‌లను రూపొందించాలన్న ఉత్సాహం ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కనిపిస్తున్నది. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో, ఎవరు చిక్కుకున్నారో బాధితులే ఫోన్‌లో నమోదు చేస్తారు. పటంపై పిన్నులు పడతాయి. పిన్నులు దట్టంగా ఉన్న చోటికి ముందుగా పడవ వెళుతుంది. ఈ ఉత్సాహాన్ని నేను స్వాగతిస్తాను. కానీ బాధ ఎక్కడ ఎక్కువో కబురు కూడా అక్కడి నుంచే ఎక్కువగా వస్తుందన్న నమ్మకంపై ఈ నిర్మాణమంతా ఆధారపడి ఉంది. ఊరూ వాడా వేరుగా బతికే దేశంలో ఆ నమ్మకం నిలవదు.

ఈ పద్ధతి మేలు చేసిన సందర్భాలు లేకపోలేదు. 2008లో కెన్యా ఎన్నికల అనంతర హింసను నమోదు చేయడానికి పుట్టిన ‘ఉషాహిది’ వేదిక 2010 హైతీ భూకంపంలో అక్కరకొచ్చింది. బాధితులు తమ క్రియోల్ భాషలోనే 4636 నంబరుకు సందేశం పంపితే, విదేశాల్లోని హైతీ ప్రజలు అనువదించి పంపారు. 2018 ఆగస్టు కేరళ వరదల్లో సాంకేతిక కార్యకర్తలు ప్రభుత్వంతో కలిసి నడిపిన వెబ్‌సైట్ సహాయక చర్యలకు చేయూతనిచ్చింది. అయితే 2012లో అమెరికాను తాకిన శాండీ తుపాను మరో పాఠం చెప్పింది. ఆ రోజుల్లో రెండు కోట్లకు పైగా ట్వీట్లు వెలువడ్డాయి. వాటిలో అత్యధికం మన్‌హట్టన్‌వి. అంతకంటే ఘోరంగా దెబ్బతిన్న రాకవే వంటి తీర ప్రాంతాల నుంచి వచ్చినవి చాలా తక్కువ. కరెంటు పోయి, ఫోన్లు ఆరిపోయి అక్కడివారి గొంతు వినపడలేదు. ట్వీట్లను మాత్రమే చూసినవారికి మన్‌హట్టనే విపత్తు కేంద్రంగా తోచింది.

మన పల్లెల్లో ఆ నిశ్శబ్దానికి కులమే ఒక కారణం. భారతీయ గ్రామం ఒకే సామాజిక సముదాయం కాదని అంబేడ్కర్ ఏనాడో రాశారు. యాప్ పటం మాత్రం గ్రామాన్ని ఒకే చుక్కగా గుర్తిస్తుంది. వాడకు పటంలో పేరుండదు. ఉన్నా అది అధికారులు పెట్టిన పేరు, అక్కడివారు పిలుచుకునేది కాదు. జీపీఎస్ అందక ఊరి పేరు ఎంచుకుంటే పిన్ను గ్రామ మధ్యలో, సాధారణంగా గుడీ పంచాయతీ కార్యాలయమూ ఉండే చోట పడుతుంది. డ్రెయిన్ గట్టునో, పల్లపు పోరంబోకులోనో ఉన్న కాలనీకి పడవ కావాలి. పిన్ను మాత్రం మెరక మీద ఉంది. పైగా ఒకే చోటి నుంచి వచ్చిన సందేశాలను నకళ్లుగా భావించి కలిపివేసే ఏర్పాటు ఇలాంటి యాప్‌లలో మామూలే. అప్పుడు వాడ నుంచి వచ్చిన పది కేకలు ఊరి నుంచి వచ్చిన ఒక కబురులో కలిసిపోతాయి. కోడ్ రాసినవారికి దురుద్దేశం ఉండనవసరం లేదు.

కాబట్టి వచ్చిన సందేశాలను లెక్కించడం కంటే, ఎక్కడి నుంచి రాలేదో చూడటం ముఖ్యం. గ్రామీణ తాగునీటి పథకాల కోసం ప్రభుత్వం తయారుచేసిన ఆవాసాల జాబితాలు ఉన్నాయి. వాటిలో ఎస్సీ, ఎస్టీ జనాభా వివరాలూ ఉన్నాయి. ప్రతి వాడనూ, తండానూ, గూడేన్నీ వానాకాలానికి ముందే వాటి సొంత పేర్లతో పటంలో నింపాలి. చుట్టుపక్కల ఆవాసాలు మాట్లాడుతుండగా ఒకటి మౌనంగా ఉంటే ఆ మౌనమే హెచ్చరిక కావాలి. అక్కడి ఆశా కార్యకర్తకో, పొదుపు సంఘం మహిళకో కంట్రోల్ రూము నుంచే ఫోన్ వెళ్లాలి. స్మార్ట్‌ఫోన్ లేనివారు మిస్డ్ కాల్ ఇచ్చి తమ యాసలో మాట చెప్పగలగాలి.

విపత్తులో కులం ప్రస్తావన ఎందుకని కొందరు అడుగుతారు. వరద నీటికి కులం లేదు, నిజమే. అది ముందుగా చేరే పల్లంలో ఎవరికి ఇళ్ల స్థలాలు ఇచ్చారన్నది కులం నిర్ణయించిన విషయం. అలాగని మునుగుతున్న మనిషిని కులం అడగమని నేను కోరడం లేదు. ఎవరు ఏ కులమో, ఎక్కడున్నారో తెలిపే జాబితా బహిరంగ పటంలో ఉంటే రేపటి దాడికి అదే దారి చూపుతుంది. ఆవాసం స్థాయిలో తెలిస్తే చాలు. ధ్రువీకరణ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. వాడ పంపిన సందేశాన్ని ఊరి పెద్ద నిజమని చెప్పాకే అంగీకరిస్తామంటే పాత కట్టుబాటునే ఫోన్‌లోకి ఎక్కించినట్టు. పక్క వాడవారి సాక్ష్యం అందుకు సరిపోవాలి.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలో, పరిహారంలో కుల వివక్షను నిషేధిస్తున్నది. వివక్ష జరిగిందని నిరూపించడానికి ఇంతకాలం బాధితుల మాట తప్ప ఆధారం దొరికేది కాదు. కబురు ఎప్పుడు అందింది, పడవ ఎప్పుడు చేరింది అన్న సమయాలు యాప్‌లో నమోదవుతాయి. వాటిని ఆవాసాలవారీగా బయటపెట్టాలని విద్యార్థి సంఘాలు పట్టుబట్టాలి. యాప్ ఎంత వేగంగా పనిచేస్తుందన్న దానికంటే ఈ లెక్క నాకు విలువైనది.

ఇక మిగిలింది నష్టం నమోదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో దళితులను సహాయ శిబిరాల్లో వేరుచేసిన తీరును హక్కుల సంఘాలు నమోదు చేశాయి. శవాలను ఎత్తే పనికి మాత్రం ఇతర పట్టణాల నుంచి దళిత పారిశుద్ధ్య కార్మికులనే రప్పించారు. పరిహారం ప్రధానంగా పడవలు, వలల చుట్టూ తిరిగింది. ఇతరుల పొలాల్లో, ఉప్పు మడుల్లో కూలికి వెళ్లే దళితుడు పోగొట్టుకున్న బతుకుతెరువుకు ఆ లెక్కలో చోటు దొరకడం కష్టమైంది. రేపటి యాప్‌లో ‘మీరు ఏమి కోల్పోయారు’ అన్న ప్రశ్న కింద పంట, పశువు, ఇల్లు, వాహనం అని నాలుగు గడులు ఉంటే అదే కథ మళ్లీ మొదలవుతుంది. పోయిన కూలి దినాలకు ఒక గడి, పట్టా లేని గుడిసెకు ఒక గడి, కాగితం లేని కౌలుకు ఒక గడి ఆ తెరపై మొదటి నమూనాలోనే ఉండాలి.