చెంబుకీ కుదురు కావాలి

పెళ్ళికో షష్టిపూర్తికో బంధువులకి పంచే వస్తువు మీద పేరు అచ్చు వేయించాలని అంగడికి పోతే ఈమధ్య అందరికీ ఒకే జవాబు వస్తోంది. "చెంబు వద్దు సార్, అది నిలవదు. కప్పు తీసుకోండి, లేదంటే చదరంగా ఉండే పలక తీసుకోండి." మనవాళ్ళలో చాలామంది సరే అనేసి కప్పుల పెట్టెతో తిరిగొస్తున్నారు. అట్లా ఒప్పుకోకూడదని మా మాట. అడ్డం వస్తున్నది చెంబు ఆకారం కాదు, తెలుగు అక్షరం అసలే కాదు. ఆ చెంబుని కదలకుండా కూర్చోబెట్టే ఏర్పాటు ఆ అంగట్లో లేదు, అంతే. అది మనం చేసుకోగలిగిన పని, పెద్ద ఖర్చు కూడా కాదు.

కప్పైతే ఏం పోయింది అంటారేమో. కోయంబత్తూరు చుట్టుపక్కల తరాలుగా ఉంటున్న మా బోటి ఇళ్ళల్లో మాట తెలుగే గాని అక్షరం తెలుగు కాదు. పిలకాయలు బళ్ళో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. పెళ్ళిపత్రికలు ఆ రెండు భాషల్లోకి ఎప్పుడో మారిపోయాయి. ఇంట్లో తెలుగు అక్షరం ఇంకా మిగిలింది ఎక్కడంటే అటక మీది ఇత్తడి సామాన్ల మీద. అవ్వ పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, ఒక్కోదాని మీద ఊరి పేరు. దసరాకి సామాను దించి తోమేటప్పుడు "ఈ జిలేబీలు ఏంటి?" అని పిలకాయలు అడుగుతారు. అప్పుడు ఎవరో ఒకరు కూచోబెట్టి చదివిస్తారు. మా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి "మ" కీ "య" కీ తేడా తెలిసింది ఒక బిందె పుణ్యాన. కప్పు మీద పేరు వేస్తే అది ఆఫీసు బల్ల మీద పెన్నులు పెట్టుకోడానికి పోతుంది, రెండేళ్ళకి చెవి విరుగుతుంది. చెంబు దేవుడి దగ్గర ఉంటుంది, పెళ్ళిపీటల దాకా పోతుంది, కూతురి వెంట అత్తగారింటికి పోతుంది. కాబట్టి ఏ వస్తువు మీద అక్షరం వేయిస్తున్నాం అన్నది మాకు చిన్న సంగతి కాదు.

పాతకాలంలో ఈ ఇబ్బంది లేదు. పాత్రల అంగడి వాకిట్లో చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని పేర్లు కొట్టేవాడు కూచునేవాడు. చీటీ మీద మనం రాసిచ్చిన తెలుగు అక్షరాలు ఆయనకి చదవడం రాదు, అయినా చూసి అట్లే చుక్కలు చుక్కలుగా కొట్టేసేవాడు. గోనెసంచి మీద చెంబు పెట్టి, పాదాలతో రెండుపక్కలా అదిమి, ఒక్కో అక్షరానికీ కొంచెం తిప్పుకునేవాడు. చెంబు వంపు ఎటు పోతే ఆయన చెయ్యి అటు పోయేది. కంసాలి కూడా నగని లక్కలో అంటించి, గట్టిపడ్డాకే చెక్కుడు మొదలుపెడతాడు. పని అయ్యాక వేడి చూపిస్తే లక్క వదిలేస్తుంది. పట్టు కుదిరాకే పనిముట్టు ఎత్తాలన్నది వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మెషీన్‌కి ఆ చెయ్యి లేదు. తనకి చెప్పిన గీత మీద అది పోతుంది, కింద వస్తువు ఎటు ఒరిగిందో దానికి పట్టదు. అందుకని సర్దుబాటంతా ముందే జరిగిపోవాలి. దీన్ని వర్క్‌షాపుల్లో జిగ్ అనో ఫిక్చర్ అనో అంటారు. మనకి అంతకంటే మంచి మాట ఇంట్లోనే ఉంది: కుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేలమీద నిలవదని గడ్డితోనో పాతచీరతోనో చుట్ట చుట్టి కింద పెడతామే, అదే. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు తలకీ బిందెకీ మధ్యన ఉండేదీ అదే. "కుదురుగా కూచో" అని పిలకాయల్ని గదమాయించేటప్పుడు నోట్లోంచి వచ్చేదీ ఆ మాటే.

ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా ఉన్నది యూవీ ప్రింటర్. రంగు చిమ్మే హెడ్ వస్తువు పైన అటూ ఇటూ పోతుంది, వెనకే ఒక దీపం ఆ రంగుని అక్కడికక్కడే గట్టిపరుస్తుంది. హెడ్‌కీ వస్తువుకీ మధ్య మామూలుగా 2, 3 మిల్లీమీటర్లే సందు. అంతకు మించితే చుక్క గాల్లో చెదిరి అక్షరం అంచు మసక అవుతుంది. సందుని వస్తువులో అన్నిటికంటే ఎత్తైన చోటు నుంచి కొలుస్తారు. చెంబు పొట్ట అడ్డుకొలత 15 సెంటీమీటర్లు అనుకోండి. పొట్ట మధ్యన 5 సెంటీమీటర్ల వెడల్పున పేరు వేస్తే, నడిమి అక్షరం కంటే చివరి అక్షరాలు 4 మిల్లీమీటర్లకు పైగా కిందికి పోతాయి. అదే పేరుని 3 సెంటీమీటర్లలో పెడితే తేడా ఒకటిన్నర మిల్లీమీటరే. మెషీన్ ఒప్పుకునే లెక్కలోకి వచ్చేసింది. అంటే "నిలవదు, రాదు" అన్న మాటలో సగం పేరు పొడుగుది. వెంకటసుబ్బమ్మ అని ఒకే వరసలో వేయకుండా రెండు వరసలు చేస్తే చాలు. కాని వరసల మధ్య చోటు వదలాలి. మన ఒత్తులు కిందికి దిగుతాయి, తమిళానికి సరిపోయే ఎడం మనకి చాలదు.

మిగతా సగం కదలడం. పసుపుపచ్చటి ఇత్తడి మీద రంగు తేలాలంటే ముందు తెల్లరంగు పరిచి దాని మీద అసలు రంగు వేస్తారు. కొన్ని మెషీన్లలో ఇవి రెండు విడి విడతలు. నడుమ చెంబు వెంట్రుకవాసి తిరిగినా ప్రతి అక్షరం పక్కన తెల్లటి నీడ ఒకటి మిగులుతుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకి అది చూడ్డానికి బాగుండదు, అంతవరకే. మనకైతే అక్షరమే మారిపోతుంది. ద కీ ధ కీ, ప కీ ఫ కీ మధ్య ఉన్నది కింద ఒక చిన్న గీత. రాధమ్మ అని వేయించుకున్న చెంబులో ఆ గీత చెదిరితే రాదమ్మ అవుతుంది. కానుక ఇచ్చే చెంబు మీద "రాదమ్మా" అని రాసుంటే ఎట్లా! గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కూడా అంతే, తల దగ్గర చిన్న మెలిక. కుదురు సంగతి వేరేవాళ్ళకంటే మనకి ఎక్కువ ఎందుకు పట్టాలో ఇందులోనే ఉంది.

అంగడివాళ్ళు చెంబు తిప్పడానికి రెండు రోలర్ల మీద పడుకోబెట్టి చూస్తారు. సీసాకి అది బాగా పనిచేస్తుంది. చెంబుకి మెడ సన్నం, పొట్ట లావు. ఒక్క చుట్టులో రెండూ ఒకే దూరం దొర్లవు కాబట్టి చెంబు పక్కకి నడిచిపోతుంది, పేరు వాలిపోతుంది. ఈ అనుభవంతోనే "చెంబు వద్దు" అంటారు. వాళ్ళని తప్పుపట్టలేం. అయితే చెంబుని తిప్పాల్సిన పనే లేదు. పేరు 3 సెంటీమీటర్లలో సర్దుకుంటే పడుకోబెట్టి కదలకుండా పట్టుకోవడమే కావాల్సింది.

దానికి మేం చేసే కుదురు ఇది. చెంబు పట్టేంత చెక్కపెట్టె ఒకటి. చెంబుకి కొబ్బరినూనె రాసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం ముడతల్లేకుండా చుట్టాలి. పెట్టెలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జావలా కలిపి పోసి, పేరు పడే పక్క పైకి వచ్చేటట్టు చెంబుని అందులో పడుకోబెట్టాలి. సగానికి కొంచెం తక్కువే మునగాలి. సగం దాటిందా, గట్టిపడ్డాక చెంబు బయటికి రాదు, పెట్టె పగలగొట్టాల్సిందే. పొట్ట పైభాగం సమంగా ఉందో లేదో ప్లాస్టర్ జావగా ఉన్నప్పుడే రసమట్టంతో చూసుకోవాలి, తర్వాత చూసి లాభం లేదు. ప్లాస్టర్ వేడెక్కి అరగంటలో గట్టిపడుతుంది. చెంబు తీసేసి ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, గుంట లోపల పల్చటి రబ్బరు షీటు అంటిస్తే చెంబు జారదు, గీతలూ పడవు. చెంబు మూతి అంచు మీద ఒక చిన్న టేపు ముక్క, దానికి ఎదురుగా పెట్టె మీద ఒక గీత. ప్రతిసారీ రెండూ ఎదురెదురుగా పెడితే ప్రతి చెంబు మీదా పేరు ఒకే చోట పడుతుంది. మరీ తేలిక చెంబైతే లోపల బియ్యమో ఇసకో పోసి మూత బిగించండి, బరువుకి అదే అణిగి కూచుంటుంది.

మెషీన్‌లో పెట్టాక అంచుని వేలితో నొక్కి చూడాలి. ఏమాత్రం ఊగినా మొదలుపెట్టనివ్వకండి. తర్వాత పొట్ట మీద కాగితం టేపు అంటించి, దాని మీద ఒకసారి అచ్చు వేయించి చదువుకోవాలి. ఒత్తులు, గుళ్ళు అన్నీ సరిగా ఉంటేనే టేపు పీకి అసలుది వేయించాలి. టేపు మీద చదివేది తెలుగు వచ్చినవాళ్ళై ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. పేరు మాత్రం అంగట్లో టైపు చేయించకండి. అక్కడి పాత సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఇంట్లోనే బొమ్మగా చేసి ఇచ్చేయండి.

ఒకే అచ్చు వందల వస్తువుల మీద పడాలంటే ప్యాడ్ ప్రింటింగ్ అని ఇంకోటి ఉంది. పలక మీద లోతు తక్కువగా చెక్కిన అక్షరాల్లో రంగు నింపి, మెత్తటి సిలికాన్ ముద్దతో ఎత్తి వస్తువు మీద అద్దుతారు. ఆ ముద్ద వంపుకి తగ్గట్టు వంగుతుంది. పెన్నులు, బొమ్మలు, గోల్ఫ్ బంతుల మీద పేర్లు పడేది అట్లాగే. దీనికీ కుదురు తప్పదు. పైనుంచి అదిమే పని కాబట్టి అచ్చు పడే చోటుకి సరిగ్గా కింద ఆనిక గట్టిగా ఉండాలి.

ఇదంతా అంగట్లో కొన్న, ఒకే మూసలో వచ్చిన చెంబుల సంగతి. వాటికి ఒక కుదురు చేస్తే నలభై చెంబులకీ పనికొస్తుంది. చేత్తో సాగగొట్టిన పాత సామాను వేరు. ఏ రెండూ ఒక్కటిగా ఉండవు, ఒకదాని సొట్ట ఇంకోదానికి లేదు. అట్లాంటివాటికి మూడు చోట్ల ఆనేటట్టు చిన్న గుడ్డమూటలు పెట్టడం మేలు. ముక్కాలిపీట ఎంత గతుకు నేల మీదైనా ఊగదు, నాలుగు కాళ్ళది ఊగుతుంది. అంతకంటే ముందు ఒక మాట: పాతవాటి మీద కొత్తగా అచ్చు వేయించకండి. అవ్వ బిందెని వైస్‌లో బిగించనివ్వడానికి మాకైతే మనసొప్పదు. ఉన్న అక్షరాలు అరిగిపోతుంటే ఫోటో తీసి, ఆ అక్షరాలనే కొత్త చెంబు మీదికి దింపించండి.

చింతపండుతో తోమే చెంబు మీద ఏ రంగూ ఎక్కువకాలం ఆగదని కూడా తెలుసుకుని దిగాలి. అద్దాల బీరువాలోనో దేవుడి అరలోనో ఉండేదైతే అచ్చు చాలు. రోజూ నీళ్ళు తాగే చెంబుకి లేజర్‌తో చెక్కించడమే నయం. అయినా ఈ కుదురు పని వృథా కాదు. లేజర్ కిరణం కూడా ఒక దూరంలోనే సన్నగా కలుస్తుంది, వంపు ఎక్కువైతే గీత పల్చబడుతుంది. అదే పెట్టె, అదే గీత, అదే 3 సెంటీమీటర్లు.

అంగడివాళ్ళ వైపూ న్యాయం ఉంది. ఒక్క చెంబు కోసం రెండు రోజులు ప్లాస్టర్ కలిపి కూచుంటే వాళ్ళకి గిట్టుబాటు కాదు. కప్పుకైతే కప్పు కొలతకే చేసిన ప్రెస్ ముందే ఉంది, అది కంపెనీ చేసిచ్చిన కుదురు. అందుకని కుదురు మనం చేసి తీసుకుపోవాలి, మొదటి రెండు చెంబులు పాడైతే మనమే భరిస్తామని ముందే చెప్పాలి. అట్లా అడిగితే కాదన్న అంగడి మాకు తక్కువే తగిలింది. పంపులు, మోటార్లు, వెట్ గ్రైండర్లు చేసే ఊరు మాది. జి.డి. నాయుడు గారి ఊళ్ళో, ఎటు చూసినా లేత్ తిరిగే వీధుల్లో, గుండ్రటి వస్తువు నిలవదన్న మాట విని తలూపి రావడం మనకేం బాగుంటుంది? ప్లాస్టర్ పని చేతకాకపోతే వీధి చివర ప్యాటర్న్ చేసే వడ్రంగికి చెంబు ఇవ్వండి, చెక్కలోనే గుంట తీసిస్తాడు. త్రీడీ ప్రింటర్ ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళ చేత గీయించండి. ఆ వంకన అవ్వ పేరు నాలుగుసార్లు చదువుతారు.

15 సెంటీమీటర్ల పొట్ట ఉన్న ఇత్తడి చెంబుకి చేసిన పెట్టె ఒకటి మా ఇంట్లో ఉంది. దానితోపాటు "మా చెంబు" అని సరైన ఎడంతో వేసిన నమూనా బొమ్మ కూడా. మన బంధువుల్లో ఈ మాఘంలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు తీసుకుపోండి. తెచ్చిచ్చేటప్పుడు రబ్బరు షీటు ఊడకుండా చూసుకోండి, అదొక్కటే మళ్ళీ అంటించడం కష్టం.